ఇంట్లో తద్దినమా, గయలో పిండమా?

నాన్న పోయిన రెండో ఏడు మా ఇంట్లో ఈ ప్రశ్న వచ్చింది. అన్నయ్య గయ వెళదామన్నాడు. ఇంట్లో పెట్టడం మాత్రం మానేది లేదంది అమ్మ. చివరికి రెండూ చేశాం.

తద్దినం తిథిని బట్టి వస్తుంది కనుక తేదీ ఏటా మారుతుంది. పంచాంగం చూసుకునే సెలవు పెట్టాలి. ఆ రోజు సందడంతా వంటింట్లోనే. ఉల్లి, వెల్లుల్లి ఉండవు. "ఆయనకు కరకరలాడాలి" అంటూ అమ్మ గారెలను ఇంకాసేపు వేగనిచ్చింది. పెరటి గోడ మీద పెట్టిన పిండాన్ని కాకి ముట్టేదాకా ఎవరమూ భోజనానికి కూర్చోలేదు. ఆ పావుగంటలో నాన్న గురించి మాట్లాడుకున్నంతగా ఏడాదంతా మాట్లాడుకోలేదు.

గయ తీరు వేరు. ఫల్గు నది, విష్ణుపాదం గుడి, అక్షయవటం అనే మర్రిచెట్టు దగ్గర పిండాలు పెడతారు. పితృదేవతలకు ప్రత్యేకమైన మహాలయ పక్షంలో జనం విపరీతం, తొందర తప్పదు. కానీ ఇంట్లో పలికేది తండ్రి, తాత, ముత్తాతల పేర్లయితే, గయలో బంధువులకూ స్నేహితులకూ కూడా పెట్టవచ్చు. పిల్లలు లేని మేనత్త పేరు అన్నయ్య పలికినప్పుడు నా గొంతు పూడుకుపోయింది. అక్కడ ఇష్టమైన కాయో పండో వదిలేయడం ఆనవాయితీ. అన్నయ్య జామపండు వదిలాడు. నేను కాకరకాయ అంటే, ఇష్టమైనదే వదలాలని అందరూ నవ్వారు.

గయలో పెడితే ఇక తద్దినం అక్కరలేదనే వారున్నారు. మా పురోహితుడు ఒప్పుకోలేదు. అంత దూరం వెళ్లలేనివారికి పాదగయగా పేరున్న పిఠాపురం ఉంది. నా మటుకు గయ ఒక్కసారి చాలు. ఈ ఏడు తిథి బుధవారం వచ్చింది, సెలవు చీటీ ఇచ్చేశాను.