భుజం చిరుగుకు ఏది మేలు: వ్యాయామమా, ఇంజెక్షనా, ఆపరేషనా?

అనంతపురంలో ఉండే మా చిన్నాయనకు 62 ఏళ్లు, షుగర్ కూడా ఉంది. కుడి భుజం పట్టేసి, తువ్వాలు భుజాన వేసుకోవడానికి కూడా చెయ్యి లేవలేదు. ఆ పక్కకు తిరిగి పడుకుంటే నిద్ర లేదు. స్కానింగ్‌లో రొటేటర్ కఫ్ చిరిగిందని రాగానే ఇంట్లో అందరికీ టెన్షన్. "ఆపరేషన్ చేయించుకుంటే ఒక్కసారికి పోతాది కదా అబ్బీ?" అన్నాడు.

అందరూ 'నరం తెగింది' అంటారు గానీ, అది నరం కాదు. భుజం ఎముక గుండును గుంటలో జారకుండా పట్టి ఉంచే నాలుగు కండరాల కొసలవి. వాటిలో పైనుండే సుప్రాస్పినేటస్ అనే కండరం కొసకే ఎక్కువగా దెబ్బ. వయసుతో అది అరుగుతుంది. 60 దాటాక నొప్పే లేకుండా చిరుగుతో తిరిగేవాళ్లు చాలామంది. కాబట్టి రిపోర్టులో చిరుగు ఉన్నంత మాత్రాన కుట్టాల్సిందే అని కాదు.

అరుగుదల వల్ల వచ్చిన చిరుగుకు నా ఓటు ముందు వ్యాయామానికే. ముందుకు వంగి చేతిని లోలకంలా ఊపడం, గోడ మీద వేళ్లతో పైకి పాకించడం, నొప్పి తగ్గాక రబ్బరు పట్టీ లాగడం. ఫిజియో దగ్గర సరిగ్గా నేర్చుకుంటే మిగతాది ఇంట్లోనే చేసుకోవచ్చు. అమెరికాలో దెబ్బ తగలకుండానే పూర్తిగా చిరిగిన నాలుగు వందల మందికి పైగా రోగులతో వ్యాయామం చేయించి చూశారు. 2013లో వచ్చిన ఫలితాల ప్రకారం రెండేళ్లలో ఆపరేషన్‌కు వెళ్లింది నాలుగో వంతు లోపే. చిక్కల్లా ఓపికతోనే: 6 నుంచి 12 వారాలు పడుతుంది. మా చిన్నాయన పదో రోజుకే 'ఏం లాభం లేదు' అని మానేశాడు. చిన్నమ్మ పోరు పడలేక మళ్లీ మొదలుపెట్టాడు.

స్టెరాయిడ్ ఇంజెక్షన్ నొప్పిని కొన్ని వారాలు అణుస్తుంది, చిరుగును అతికించదు. ఆ వారాల్లో వ్యాయామం చేసుకుంటేనే దానికి విలువ. షుగర్ ఉన్నవాళ్లకు కొన్ని రోజులు షుగర్ ఎగబాకుతుంది. మాటిమాటికీ వేయించుకుంటే ఆ కొసలే బలహీనపడతాయి.

ఆపరేషన్ దండగని అనను. నలభై ఏళ్లవాడు బైకు మీద నుంచి పడి, ఆ రోజు నుంచే చెయ్యి ఎత్తలేకపోతే ఆలస్యం చేయకూడదు. నెలలు గడిస్తే తెగిన కొస వెనక్కి లాక్కుపోతుంది, కండలో కొవ్వు చేరుతుంది, అప్పుడు కుట్టినా సరిగ్గా అతకదు. చిన్న రంధ్రాల గుండా చేసే ఆపరేషనే అయినా, తర్వాత 4 నుంచి 6 వారాలు చెయ్యి జోలెలో ఉంచాలి, బరువు పనులకు ఆరు నెలల దాకా ఆగాలి. పైగా ఆ తర్వాతైనా వ్యాయామం తప్పదు!

మా వైపు ఎముక విరిగితే ముందు నాటుకట్టే గుర్తొస్తుంది. దీనికి అది వద్దు. కదలకుండా కడితే భుజం బిగుసుకుపోతుంది. ఇంకొకరు మెల్లగా ఎత్తినా చెయ్యి పైకి రాకపోతే, అది ఫ్రోజెన్ షోల్డర్, అంటే భుజం కీలే బిగుసుకుపోయే జబ్బు కావచ్చు. షుగర్ ఉన్నవాళ్లలో అది ఎక్కువ, దాని వైద్యం వేరు. డాక్టరుకు ఈ మాట తప్పక చెప్పండి.

చిన్నాయన ఇంజెక్షన్ కూడా వద్దన్నాడు. పదో వారానికి తువ్వాలు భుజం మీదికి వచ్చింది. శెనక్కాయ మూటలు మాత్రం ఇంకా మా తమ్ముడే ఎత్తుతున్నాడు.