బెంగళూరులో రెండు రోజులు: కో-వర్కింగ్ నడిపేవాళ్ల మధ్య

గుంటూరు బ్రాడీపేటలో 46 సీట్ల కో-వర్కింగ్ స్పేస్, అంటే ఎవరైనా రోజుకో నెలకో సీటు అద్దెకి తీసుకుని పని చేసుకునే ఆఫీసు, మొదలుపెట్టి నాలుగేళ్లయింది. మా ఊళ్లో ఇదే పని చేసేవాళ్లు, నాకు తెలిసినంతలో, ఇద్దరో ముగ్గురో. ఓనరు అద్దె పెంచుతానన్నప్పుడు, మూడు నెలల డబ్బు బాకీపడ్డ మెంబరు ఫోన్ ఎత్తడం మానేసినప్పుడు, ఎవరిని అడగాలో తోచేది కాదు. అందుకే చిన్న స్పేస్‌లు నడిపేవాళ్లందరూ బెంగళూరులో రెండు రోజులు కలుస్తున్నారని తెలియగానే టికెట్ తీసేశాను. ఎక్కడ బస చేస్తే మేలు, ఎలా తిరగాలి, ఏ పూట పనికొచ్చింది అన్నవి నాలాంటి వాళ్ల కోసం రాస్తున్నాను.

గుంటూరు నుంచి కొండవీడు ఎక్స్‌ప్రెస్ హాయి. బుధవారం రాత్రి ఎక్కితే గురువారం పొద్దున యశ్వంతపూర్. కాకపోతే రోజూ ఉండదు, రాకపోకలు రెండూ ముందే చూసుకోవాలి. స్టేషన్ పక్కనే గ్రీన్ లైన్ మెట్రో. మెజెస్టిక్‌లో దిగి పర్పుల్ లైన్ పట్టుకుంటే కేఆర్ పురం దాకా కూర్చుని వెళ్లొచ్చు. అక్కడి నుంచి ఔటర్ రింగ్ రోడ్డు మీద ఆటోలో హాలుకి చేరడానికి నాకు నలభై నిమిషాలు పట్టింది. మెట్రోలో ఊరు అడ్డంగా దాటడానికి పట్టిన టైముకి ఇది దాదాపు సమానం.

మొదటి రోజు సమావేశం ఒక పెద్ద హోటల్లో. నిర్వాహకులు ఇప్పించిన తగ్గింపు ధరకి, 4,800 రూపాయలకి, అక్కడే గది తీసుకున్నాను. గది శుభ్రంగా ఉంది. మర్నాడు పొద్దున వేడినీళ్లు రాలేదు, రెండుసార్లు చెప్పినా ఎవరూ రాలేదు. దానికంటే నన్ను బాధపెట్టింది ఆ చోటే. బయటికొస్తే సర్వీస్ రోడ్డు, ఫ్లైఓవర్. నడిచి వెళ్లి ఇడ్లీ తినే కొట్టు లేదు. సాయంత్రం ఆరయ్యేసరికి అందరూ ట్రాఫిక్ భయంతో ఎవరి దారిన వాళ్లు వెళ్లిపోయారు. ఇంత దూరం వచ్చింది మనుషుల కోసమైతే, మనుషులు చెదిరిపోయే చోట సమావేశం పెట్టకూడదని నాకు గట్టిగా అనిపించింది.

హాలులో కుర్చీలన్నీ వేదిక వైపే. మాట్లాడినవాళ్లలో ఎక్కువమంది పెద్ద కంపెనీలకి అంతస్తులకి అంతస్తులే సిద్ధం చేసి అద్దెకిచ్చేవాళ్లు. వాళ్ల లెక్కలు లక్షల చదరపు అడుగుల్లో ఉంటాయి. అదీ పెద్ద వ్యాపారమే, నేర్చుకోవలసిందీ ఉంది. కానీ డే పాస్, అంటే ఒక్క రోజు సీటు అద్దె, 300 పెట్టాలా 350 పెట్టాలా అని నెలంతా ఆలోచించే నాకు ఆ మాటలు అందలేదు. ఒక్క కథ మాత్రం నోట్‌బుక్‌లో రాసుకున్నాను. 2005 ఆగస్టు 9న శాన్ ఫ్రాన్సిస్కోలో బ్రాడ్ న్యూబర్గ్ అనే ప్రోగ్రామర్, స్పైరల్ మ్యూజ్ అన్న చోట వారానికి రెండు రోజులు బల్లలు వేసి మొదలుపెట్టాడు. కో-వర్కింగ్ అన్న పేరుతో నడిచిన మొదటి చోటు అదేనంటారు. మొదటి నెల ఒక్కరూ రాలేదట. నేను తలుపు తెరిచిన కొత్తలో పంతొమ్మిది రోజులు ఒక్కదాన్నే కూర్చున్నాను, ఫ్యాన్లు మాత్రం అన్నీ వేసి, ఎవరైనా తొంగిచూస్తే ఖాళీగా కనపడకూడదని. ఆ మాట వినగానే కళ్లు చెమర్చాయి.

రెండో రోజు ఇందిరానగర్‌లో, నిజంగా నడుస్తున్న ఒక కో-వర్కింగ్ స్పేస్‌లో కలిశాం. ఈ ప్రయాణం ఖర్చంతా ఆ ఒక్క రోజుకే దక్కింది. ముందే వేసుకున్న కార్యక్రమం లేదు. గోడకి కాగితాలు అంటించారు, ఎవరికి ఏది మాట్లాడాలని ఉంటే అది రాసి ఒక మూల కూర్చోవడమే. అక్కడ మనకేమీ దొరకడం లేదనిపిస్తే లేచి ఇంకో గుంపులోకి వెళ్లొచ్చు, ఎవరూ తప్పుగా అనుకోరు. ఓపెన్ స్పేస్ అనే ఈ పద్ధతిని 1980లలో హారిసన్ ఓవెన్ అనే అమెరికన్ తెచ్చాడు. తను ఎంతో కష్టపడి ఏర్పాటు చేసిన సదస్సులో జనానికి అన్నిటికంటే నచ్చింది కాఫీ విరామాలేనని విని, సదస్సంతా అలాగే ఎందుకు ఉండకూడదు అనుకున్నాడట.

నేను 'జీఎస్టీ ఎన్ఓసీ' అని రాసి కూర్చున్నాను. మన అడ్రసు వాడుకోవడానికి అభ్యంతరం లేదని మనమిచ్చే కాగితమే ఎన్ఓసీ. ఐదు నిమిషాల్లో పదకొండుమంది చేరారు. మా చిన్న ఊళ్లలో సీట్ల కంటే వర్చువల్ ఆఫీసు, అంటే కూర్చోకుండా అడ్రసు మాత్రమే, అడిగేవాళ్లే ఎక్కువ. అగ్రిమెంటు, ఎన్ఓసీ, కరెంటు బిల్లు కాపీ మనమిస్తే వాళ్లు మన అడ్రసు మీద జీఎస్టీ రిజిస్ట్రేషన్ తీసుకుంటారు. తర్వాత అధికారి తనిఖీకి వస్తే అక్కడ బోర్డుండదు, మనిషుండడు, జవాబు చెప్పుకోవలసింది మనం. నెల్లూరు నుంచి వచ్చిన ఒకాయన తన ఫైలు తెరిచి చూపించారు. "చూడమ్మా, ప్రతి సంస్థ పేరూ జీఎస్టీ నంబరూ గుమ్మం దగ్గర బోర్డు మీద ఉండాల్సిందే, అది రూల్. సర్టిఫికెట్ కూడా కనపడేట్టు లోపల పెట్టిస్తా. రిటర్నులు వేసిన రసీదు మూడు నెలలకోసారి పంపకపోతే ఎన్ఓసీ వెనక్కి తీసుకుంటానని అగ్రిమెంటులోనే రాయిస్తా" అన్నారు. ఆరు నెలలు వరుసగా రిటర్నులు వేయకపోతే రిజిస్ట్రేషన్ రద్దు చేసే అధికారం జీఎస్టీ ఆఫీసుకి ఉంది. అంతదాకా రానివ్వకుండా మనకే ముందు తెలియాలన్నది ఆయన పద్ధతి. ఆ పేజీని ఆయన అనుమతితో ఫోటో తీసుకున్నాను.

మధ్యాహ్నం నుంచి కోరమంగళ, హెచ్ఎస్ఆర్ లేఅవుట్‌లలో మూడు స్పేస్‌లు తిరిగాం. సిల్క్ బోర్డ్ దాకా ఎల్లో లైన్ ఉంది గానీ, ఇందిరానగర్ నుంచి అయితే మెజెస్టిక్‌లో ఒకసారి, ఆర్వీ రోడ్డులో ఒకసారి మారాలి. నలుగురం కలిసి ఆటోలే తీసుకున్నాం. నమ్మ యాత్రి యాప్ డ్రైవర్ల దగ్గర కమీషన్ తీసుకోదు, డబ్బు నేరుగా వాళ్లకే ఇవ్వొచ్చు. మా డ్రైవరుది కర్ణాటకలోనే ఆంధ్ర సరిహద్దు వైపు ఉన్న చింతామణి. ఆయన తెలుగు మా తెలుగులా లేదు, అయినా దారంతా ఎంత తియ్యగా మాట్లాడాడో. తిరిగొచ్చేటప్పుడు బస్సెక్కాం. ఆడవాళ్లకి ఉచితం కదా అనుకోవద్దు, కర్ణాటక చిరునామా ఉన్నవాళ్లకే ఆ టికెట్. నేను డబ్బిచ్చి తీసుకున్నాను.

ఆ మూడు చోట్లా నేను హాళ్లు చూడలేదు, వెనక గదులు చూశాను. ఒకచోట ఇంటర్నెట్ లైన్లు రెండూ రెండు వేర్వేరు వీధుల స్తంభాల మీంచి లోపలికొస్తున్నాయి. నాకూ రెండు కంపెనీల లైన్లున్నాయి, కానీ రెండు తీగలూ ఒకే కరెంటు స్తంభం మీదివి, తెగితే రెండూ ఒకేసారి తెగుతాయి. ఇంకోచోట యూపీఎస్ బ్యాటరీలు బాల్కనీ వైపు జాలీ కిటికీ పక్కన ఉన్నాయి. ఛార్జింగ్ అయ్యేటప్పుడు ఆ బ్యాటరీల నుంచి హైడ్రోజన్ వస్తుంది, గాలి ఆడకపోతే ప్రమాదం. మావి మెట్ల కింద తలుపేసిన గూట్లో ఉన్నాయి! హెచ్ఎస్ఆర్‌లో నడిపే ఆమె చెప్పింది మరీ చిన్న విషయం: కొత్తగా చేరిన అమ్మాయికి వీపు తలుపు వైపు ఉండే సీటు ఇవ్వదట, గోడకి ఆనుకున్నది చూపించి, నచ్చింది ఎంచుకోమంటుందట. మా దగ్గర చేరి నెలలోపే మానేసిన ముగ్గురమ్మాయిలు ఎక్కడ కూర్చునేవాళ్లో నాకు చటుక్కున గుర్తొచ్చింది.

ఆ రాత్రి బస ఇందిరానగర్‌లో ఒక గెస్ట్ హౌస్, 2,200. లిఫ్ట్ లేదు, రెండంతస్తులు పెట్టె మోయాలి. కానీ గదిలో రాసుకునే బల్ల, దీపం ఉన్నాయి, మెట్రోకి పది నిమిషాల నడక, ఒంటరిగా వచ్చినదాన్ని అనే బెరుకు అనిపించలేదు. వెళ్లేవాళ్లకి నేను చెప్పేది ఇదే: మెట్రోకి దగ్గర్లో బస చేయండి, హాలున్న హోటలే కానక్కర్లేదు.

ఎనిమిదింటికి తెలుగువాళ్లం ఏడుగురం పక్క వీధి దర్శినిలో చేరాం. కుర్చీలుండవు, గుండ్రటి స్టీలు బల్ల చుట్టూ నిలబడి తినడమే. విశాఖ నుంచి వచ్చిన దంపతులు, హైదరాబాద్ తమ్ముడు, నెల్లూరాయన, ఇంకో ఇద్దరు, నేను. ఒక కాఫీని ఇద్దరికి పంచి ఇచ్చే బై-టూ కాఫీ మీద బై-టూ కాఫీ చెప్పుకుంటూ రెండున్నర గంటలు నిలబడ్డాం. ఎవరి అద్దె ఎంత, ఎవరికి ఎన్ని సీట్లు ఖాళీ, ఏ నెలలో ఇంట్లో నగలు కుదువ పెట్టారు, అన్నీ చెప్పుకున్నాం. మొదటి రోజు హాలు మైకులో అయితే ఇవి ఎవరూ చెప్పలేరు. ఒకరి మెంబరు ఇంకొకరి ఊరెళ్తే రెండు రోజులు ఉచితంగా కూర్చోనివ్వాలని ఆ బల్ల దగ్గరే అనుకున్నాం. కో-వర్కింగ్ వీసా అని విదేశాల్లో ఇలాంటి ఏర్పాటు ఎప్పటినుంచో ఉంది.

శనివారం రైలుకి ముందు కబ్బన్ పార్కుకి వెళ్లాను. చెట్ల కింద చాపలు పరుచుకుని, ఎవరి పుస్తకం వాళ్లు చదువుకుంటూ, ఒకరితో ఒకరు మాట్లాడకుండా కలిసి కూర్చున్నవాళ్లు కనిపించారు. కాసేపు నేనూ అక్కడే గడ్డి మీద కూర్చున్నాను.

రైలు హిందూపురం దాటుతుండగా మా ఎలక్ట్రీషియన్‌కి ఫోన్ చేశాను. సోమవారం పొద్దున్నే వస్తానన్నాడు, ముందు బ్యాటరీలు, తర్వాత రెండో లైను. నెల్లూరాయన అగ్రిమెంటు కాపీ అప్పటికే వాట్సాప్‌లో వచ్చింది.