ఈబర్డ్ యాప్: చిత్తడి నేలను కాపాడుకోవాలనుకునేవాళ్లకు ఎంతవరకు పనికొస్తుంది?

ఈబర్డ్ అంటే చూసిన పక్షుల్ని నమోదు చేసుకునే యాప్. దీని గురించి నేను చదివిన రివ్యూలన్నీ పక్షుల్ని చూడటం అలవాటుగా పెట్టుకున్నవాళ్లు రాసినవే. ఎన్ని జాతులు చూశాం, ఈ ఏడాది లిస్టు ఎంత పెరిగింది అన్న మాటలే వాటిలో ఎక్కువ. నేను దీన్ని వాడేది వేరే పనికి. ఒక చిత్తడి నేలను పూడ్చి భవనాలు కట్టాలన్న ప్రతిపాదనకు మేం కొంతమందిమి కలిసి అభ్యంతరాలు రాస్తున్నాం. వాటిలో బలమున్న పేజీలన్నీ ఈ యాప్ పుణ్యమే. ఇదే పరిస్థితిలో ఉన్నవాళ్లు ఇంకా చాలామంది ఉంటారని ఈ రివ్యూ రాస్తున్నాను.

అమెరికాలోని కార్నెల్ యూనివర్సిటీ పక్షిశాస్త్ర ప్రయోగశాల, పక్షుల సంరక్షణకు పనిచేసే ఆడుబన్ సొసైటీ కలిసి దీన్ని 2002లో మొదలుపెట్టాయి. పూర్తిగా ఉచితం. ఎక్కడ చూశాం, ఎన్ని గంటలకు మొదలుపెట్టాం, ఎంతసేపు ఉన్నాం, ఎంత దూరం నడిచాం, ఏ పక్షి ఎన్ని కనిపించాయి... ఇవన్నీ కలిపితే ఒక చెక్‌లిస్టు. ఆ ప్రాంతపు పక్షుల జాబితాను ముందే డౌన్‌లోడ్ చేసుకుంటే సిగ్నల్ లేనిచోట కూడా రాసుకోవచ్చు. మనం నడిచిన దారిని ఫోనే నమోదు చేస్తుంది. వాడకం నేర్చుకోవడానికి ఒక్క పూట చాలు.

చెక్‌లిస్టు చివర ఒక ప్రశ్న అడుగుతుంది: మీరు గుర్తుపట్టగలిగిన పక్షులన్నిటినీ ఇందులో రాశారా? చాలామంది ఆలోచించకుండా ఏదో ఒకటి నొక్కేస్తారు. నా దృష్టిలో యాప్ మొత్తంలో విలువైన ప్రశ్న ఇదే. "అన్నీ రాశాను" అన్న లిస్టులో లేని పక్షి ఆ సమయంలో అక్కడ కనబడలేదని అర్థం. ఉన్నవే కాకుండా లేనివి కూడా రికార్డైతేనే, ఫలానా పక్షి ఏ నెలలో వస్తుంది, ఎప్పుడు వెళ్తుంది, ఏటేటా తగ్గుతోందా అన్నది తేలుతుంది. అరుదైన పక్షి కనబడిన రోజు మాత్రమే లిస్టు పెట్టేవాళ్ల రికార్డుతో ఆ పని జరగదు. ఏమీ పెద్దగా కనబడని రోజు లిస్టు కూడా పెట్టండి. నాలుగు కొంగలు, ఒక నీటికాకి ఉన్నా సరే.

రెండోది, సంఖ్యలు. లెక్కపెట్టే ఓపిక లేకపోతే "ఎక్స్" అని పెట్టే వీలుంది, అంటే ఉన్నాయి కానీ ఎన్నో తెలియదని. మన పనికి ఆ ఎక్స్ ఎందుకూ కొరగాదు. చిత్తడి నేలల రక్షణ కోసం 1971లో కుదిరిన అంతర్జాతీయ రామ్‌సర్ ఒప్పందం ప్రకారం ఒక చిత్తడి నేలకు అంతర్జాతీయ ప్రాధాన్యం ఉందని చెప్పే కొలమానాల్లో రెండు నేరుగా లెక్కల మీద ఆధారపడ్డవే: క్రమం తప్పకుండా 20,000 నీటిపక్షులకు ఆశ్రయమివ్వడం, లేదా ఒక జాతి నీటిపక్షి సమూహంలో 1 శాతానికి ఆశ్రయమివ్వడం. చిన్న నేలలు ఆ స్థాయిని అందుకోకపోవచ్చు. అయినా అధికారి ముందు "చాలా పక్షులు వస్తాయండీ" అనడానికీ, తేదీ, సమయంతో సహా సంఖ్య పెట్టడానికీ మధ్య తేడా నేను కళ్లారా చూశాను.

ఇక బార్ చార్ట్. దీని గురించి కాస్త ఎక్కువే రాస్తాను, ఎందుకంటే మా వాదన నిలబడింది దీని మీదే. ఒక హాట్‌స్పాట్‌లో, అంటే పక్షుల్ని చూడటానికి అందరూ వాడుకునేలా మ్యాపులో నమోదైన చోట, జనం పెట్టిన లిస్టులన్నీ కలిపి, ఏడాదిని నెలకు నాలుగు చొప్పున 48 గడులుగా విడగొట్టి, ఒక్కో పక్షి ఏ గడిలో ఎంత తరచుగా కనబడిందో పచ్చటి పట్టీలతో చూపిస్తుంది. సరిపడా లిస్టులు లేని వారాలు బూడిదరంగులో ఉంటాయి. నిర్మాణ సంస్థ సమర్పించిన పర్యావరణ నివేదికలో సర్వే జరిగింది ఒకే ఒక్క సీజన్లో. వలసపక్షులు తిరిగి వెళ్లిపోయాక, నీళ్లు ఇంకి మట్టి పగుళ్లిచ్చిన రోజుల్లో. "చెప్పుకోదగ్గ జాతులు లేవు" అని రాశారు. మేం ఆ చార్టును ప్రింటు తీసి, వాళ్లు సర్వే చేసిన వారాల చుట్టూ పెన్నుతో గీత గీసి, మిగతా ఏడాదంతా పక్కనే చూపించాం. విచారణ అధికారి వివరణ అడగకుండానే విషయం అర్థం చేసుకున్నారు. ఏడాదంతా సర్వే చేయాలన్న మా డిమాండ్‌కు అంతకన్నా గట్టి ఆధారం మా దగ్గర లేదు.

ఒక జాగ్రత్త మాత్రం తప్పనిసరి. ఇదంతా ఆ చోటు "హాట్‌స్పాట్"గా నమోదై ఉంటేనే. వ్యక్తిగత లొకేషన్‌గా పెట్టిన లిస్టులు మీ ఖాతాలోనే విడిగా ఉండిపోతాయి, నలుగురివీ ఒక్క చార్టులో కలవవు. మీ నేల మ్యాపులో హాట్‌స్పాట్‌గా లేకపోతే మీరే ప్రతిపాదించవచ్చు. వలంటీర్లు పరిశీలించి ఆమోదిస్తారు. జనం వెళ్లడానికి అనుమతి ఉన్న చోటైతేనే ప్రతిపాదించండి.

సంతానోత్పత్తి కోడ్‌లను చాలామంది పట్టించుకోరు. పక్షి పేరు మీద నొక్కితే లోపల ఉంటాయి: గూడు కడుతోంది, మేత మోస్తోంది, గుడ్లున్న గూడు, పిల్లలున్న గూడు అని. బుడబుంగ సంగతే తీసుకోండి. నీటి మొక్కల మధ్య తేలే గూడు కడుతుంది. మనిషి అలికిడి వినగానే తడి నాచు, ఆకులు గబగబా ముక్కుతో లాగి గుడ్ల మీద కప్పేసి, చప్పుడు లేకుండా నీళ్లలోకి జారిపోతుంది. గట్టు మీంచి చూసేవాడికి కుళ్లిన చెత్తకుప్ప తప్ప ఇంకేం కనిపించదు. కదలకుండా కూర్చుంటే అది తిరిగొచ్చి, పైనున్న ఆకుల్ని ఒక్కొక్కటే పక్కకు తీసి పొదుగుతుంది. తీతువు గుడ్లూ అంతే, గులకరాళ్ల మధ్య ఉంటే కాలు పడేదాకా తెలియదు. హడావుడిగా ఒక చుట్టు తిరిగి వెళ్లే సర్వేకు ఇవేవీ అందవు. "పక్షులు ఇక్కడ వాలి పోతాయంతే" అన్న మాటకు ఒక్క "గుడ్లున్న గూడు" కోడ్, ఫొటోతో సహా, జవాబు చెబుతుంది.

"పోనీ, రెక్కలున్నాయిగా, ఇంకో చెరువుకు ఎగిరిపోతాయి" అనేవాళ్లు ప్రతి సమావేశంలోనూ ఉంటారు. వాళ్లకు నేను దక్షిణ కొరియాలోని సేమంగమ్ అనే బురద తీరం గురించి చెబుతాను. అక్కడ 33 కిలోమీటర్ల సముద్రపు గోడ కట్టి 2006లో ఆటుపోట్లను ఆపేశారు. వలస దారిలో అక్కడ ఆగి మేత మేసే గ్రేట్ నాట్ పిట్టల సంఖ్య కుప్పకూలింది. అవి పక్క తీరాలకు చేరి బతికిపోతే, చలికాలం గడిపే ఆస్ట్రేలియాలో లెక్క తగ్గకూడదు. కానీ అక్కడా తగ్గింది. 2015లో ఆ పక్షి అంతరించే ప్రమాదంలో ఉన్న జాతుల జాబితాలోకి చేరింది. రెండు చోట్లా ఓపిగ్గా లెక్కపెట్టినవాళ్లు ఉండబట్టే ఈ సంగతి ప్రపంచానికి తెలిసింది.

"ఇవి అమెచ్యూర్ల లెక్కలు" అని కొట్టిపారేస్తే కంగారు పడకండి. మామూలుకన్నా పెద్ద సంఖ్యో, ఆ కాలానికి రాని పక్షో రాస్తే యాప్ అక్కడే ఆపి వివరం అడుగుతుంది. తర్వాత ఆ ప్రాంతపు వలంటీర్ పరిశీలకులు చూసి, సందేహముంటే ఎలా లెక్కపెట్టారో, ఫొటో ఉందో కనుక్కుంటారు. 2014లో నేచర్ కన్సర్వెన్సీ సంస్థ కాలిఫోర్నియా సెంట్రల్ వ్యాలీలో వలసపక్షుల కోసం వరిపొలాల్లో నీళ్లు నిలపమని రైతులకు డబ్బు చెల్లించినప్పుడు, ఏ ప్రాంతం, ఏ వారాలు అన్నది తేల్చడానికి ఈబర్డ్ లెక్కల్నే ఆధారం చేసుకుంది.

ఇప్పుడు లోపాలు. ఇది పక్షులకు మాత్రమే. చిత్తడి నేలంటే కప్పలు, తాబేళ్లు, తూనీగలు, నీటికుక్కలు కూడా. తాబేలు నీళ్లలో బతికినా గుడ్లు పెట్టేది పొడి గట్టు మీద. నీళ్లను ముట్టుకోకుండా గట్టు మీద మాత్రమే కాంక్రీటు పోసినా దాని వంశం ఆగిపోతుంది. వీటి కోసం అన్నిరకాల జీవుల్నీ ఫొటోలతో నమోదు చేసే ఐనాచురలిస్ట్ యాప్ వాడక తప్పదు. కానీ అక్కడ ఒక చిక్కుంది. ప్రమాదంలో ఉన్న జాతుల లొకేషన్‌ను వేటగాళ్ల నుంచి కాపాడటానికి అది అక్షాంశ, రేఖాంశాల్లో 0.2 డిగ్రీల పరిధిలో ఎక్కడో ఒకచోట చుక్కగా చూపిస్తుంది, అంటే 20 కిలోమీటర్ల పైన తేడా రావచ్చు. "మీ తాబేలు మా స్థలంలో లేదు" అని అవతలివాళ్లు అనడానికి అదే చాలు. అసలు కోఆర్డినేట్లు ఫొటో పెట్టినవాళ్లకు కనిపిస్తాయి, అధికారులకు వాటినే రాతపూర్వకంగా ఇవ్వండి.

మెర్లిన్ యాప్ రెల్లులో దాక్కున్న పక్షుల్ని గొంతు విని పట్టేస్తుంది, బాగుంటుంది. అది చెప్పిన పేరును మాత్రం మీరు స్వయంగా చూసో వినో నిర్ధారించుకోకుండా లిస్టులో పెట్టకండి. ఒక్క తప్పుడు పేరు దొరికితే మిగతా లిస్టులన్నిటినీ శంకిస్తారు. గూళ్ల విషయంలోనూ జాగ్రత్త అవసరం. లిస్టులు అందరికీ కనిపిస్తాయి కాబట్టి, గూడు ఏ గుబురులో ఉందో వ్యాఖ్యల్లో రాయకండి.

నేను ఐదుకు నాలుగు స్టార్లు ఇస్తున్నాను. ఒకటి తగ్గించింది డేటా దించుకునే పద్ధతి వల్ల. మన సొంత లిస్టులు ఒకే ఫైలుగా సులువుగానే వస్తాయి. నలుగురూ పెట్టిన మొత్తం డేటా కావాలంటే ఎందుకో రాసి, ఫారం నింపి, అనుమతి కోసం ఆగాలి. అభ్యంతరాలకు ఇచ్చే గడువు ఎవరి కోసమూ ఆగదు, అందుకని నోటీసు రాకముందే ఆ ఫారం నింపేయండి.