బరాబరా, కచ్చితమా? కాంటా దగ్గర ఏ మాట మేలు

మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లాలోని సిరోంచ, అహేరి వైపు కాంటా దగ్గర కొందరు "బరాబర్ ఉన్నది" అంటారు, కొందరు "కచ్చితంగా ఉన్నది" అంటారు. రెండూ ఒకటే కదా అని అడిగేవాళ్లు చాలామంది. నా లెక్కలో ఒకటి కాదు.

బరాబర్ ఫార్సీ నుంచి వచ్చింది, సమానమని అర్థం. మరాఠీలో అదే బరోబర్. అది పలకగానే "దేనితో?" అనే ప్రశ్న లేస్తుంది. తూకానికి కావలసింది ఆ ప్రశ్నే. కచ్చితం అలా అడగనివ్వదు. పైగా రెండు వేర్వేరు గుణాలను ఒకే మూటలో కడుతుంది.

తూనికల శాఖ ముద్ర ఉన్న 20 కిలోల బాటును (తూకపు రాయిని) ఒక కాంటా మీద ఐదుసార్లు పెడితే ఐదుసార్లూ 19.68 వచ్చిందనుకోండి. అంకె కదలదు కాబట్టి చూసేవాళ్లు కచ్చితమనే అంటారు. కానీ 320 గ్రాములు తక్కువ. అదే దామాషాలో 40 కిలోల మిర్చి బస్తాకు 640 గ్రాములు, క్వింటాలుకు 1.6 కిలోలు రైతుకు పోయినట్టే. ఈ కాంటాకు నిలకడ ఉంది, బరాబర్ లేదు. ఇంకో కాంటా 19.90, 20.08, 20.00, 20.14, 19.88 చూపిస్తుంది. సగటు 20 కిలోలే, ఏ ఒక్క తూకాన్నీ నమ్మలేం.

ఈ తేడా తెలియాల్సింది మరమ్మతు కోసం. మొదటిదాన్ని ప్రామాణిక బాటుతో సరిచేయించి, మళ్లీ ముద్ర వేయిస్తే చాలు. రెండోదాన్ని ఎన్నిసార్లు సరిచేసినా అంతే. కాళ్లు ఎగుడుదిగుడుగా ఉండటం, పళ్లెం వదులవటం, బస్తా కొస నేలకో గోడకో తగలటం, లోపల బరువును పసిగట్టే లోడ్ సెల్‌కు తేమ పట్టటం, వీటిలో ఏదో వెతకాలి. ముందుగా కాంటా మట్టం చూపే బుడగ నడిమికి వచ్చిందో లేదో చూడండి.

బరాబర్‌కూ లోపముంది: "బరాబర్ వస్త" అన్నప్పుడు అది తప్పకుండా అనే అర్థమిస్తుంది. అయినా కాంటా దగ్గర నా ఓటు దానికే, పక్కన నిలకడను పెట్టుకుంటే. కచ్చితం వాడక తప్పకపోతే "20 గ్రాముల వరకు కచ్చితం" అని హద్దు చెప్పండి.

ఇక మిగతా మాటలు: నిక్కచ్చి మనిషికి, బేరానికి. సరిగ్గా గడియారానికి, లెక్కకు. ఖచ్చితమని ఒత్తు పెట్టేవాళ్లూ ఉన్నారు. ఖచితమంటే పొదిగినదని, దాంతో కలపకండి.

బరాబరో కాదో తేలాలంటే బాటు పెట్టించండి. నిలకడ చూడాలంటే అదే బస్తాను దింపి మళ్లీ ఎక్కించండి.