ఫోర్టింగల్ చెట్టు బాగుంది, మేం దిగిన గది బాగోలేదు

స్కాట్లండ్ పల్లెల్లో గది తీసుకునేవాళ్లు ముందే ఫోన్ చేసి రెండు విషయాలు అడగండి. హీటర్ ఎన్నింటికి ఆపేస్తారు? ఎన్ని గంటల్లోపు చేరాలి? మేం అడగలేదు. దానికి మా అత్తమ్మ రాత్రంతా చలికి వణికింది.

మా బాబు ఎడిన్‌బరాలో ఉద్యోగం చేస్తున్నాడు. అక్టోబర్‌లో నేను, మా ఆయన, అత్తమ్మ అక్కడికి వెళ్లాం. కారు అద్దె రోజుకు 58 పౌండ్లు, పెట్రోలుకు మొత్తం 34. బాబుతో కలిసి, ఎప్పుడూ పచ్చగా ఉండే ఒక పాత యూ చెట్టును చూద్దామని ఫోర్టింగల్ అనే పల్లెకు బయల్దేరాం. రెండు గంటల పైనే పట్టింది, దారి బాగుంది.

ఆ ఊరికి దగ్గర్లో టిఫిన్‌తో కలిపి ఒక్కోటి 96 పౌండ్లకు రెండు గదులు బుక్ చేశాం. సాయంత్రం ఆరూ ఇరవైకి చేరాం. ఆరు దాటింది కాబట్టి ఇంకో 20 పౌండ్లు కట్టాలన్నాడు ఓనర్. బుకింగ్‌లో ఆ మాట ఎక్కడా లేదు. మా ఆయన ఫోన్ తీసి చూపించినా వినలేదు. చీకటి పడింది, పెద్దావిడ వెంట ఉంది, ఇంకెక్కడికి పోతాం? కట్టేశాం.

తొమ్మిదికల్లా రేడియేటర్ ఆగిపోయింది. "బిడ్డా, దీని మీద చెయ్యి పెట్టు, బండలా ఉంది" అంది అత్తమ్మ. రెండు స్వెటర్లు, శాలువా, కాళ్లకు మా ఆయన మేజోళ్లు, అన్నీ వేసినా ఆమెకు నిద్ర పట్టలేదు. ఇంకో దుప్పటి అడిగితే 5 పౌండ్లు తీసుకున్నారు. పొద్దున మేం మాంసం తినేవాళ్లం కాదంటే టోస్టు, జామ్ పెట్టారు. ఉడికించిన బీన్స్ కావాలంటే మనిషికి 4 పౌండ్లు అదనం. కారెక్కేదాకా మా ఆయన ఒక్క మాట మాట్లాడలేదు. నాకు ఇప్పటికీ కోపం తగ్గలేదు.

ఫోర్టింగల్ చూశాక మాత్రం అందరి ముఖాలూ మారిపోయాయి. ఉన్నది ఒకటే వీధి, దాని పక్కన గడ్డి కప్పుల ఇళ్లు. 1890 ప్రాంతంలో డొనాల్డ్ కర్రీ అనే ఓడల వ్యాపారి కట్టించినవి. చర్చి ఆవరణలో ఉంది మేం చూడాలని వచ్చిన యూ చెట్టు. వయసు కనీసం రెండు వేల ఏళ్లని, మూడు వేలు దాటి ఉండొచ్చని అంచనా. టికెట్ లేదు.

మాది మహబూబ్‌నగర్. పిల్లలమర్రి చూస్తూ పెరిగినదాన్ని కాబట్టి ఊడలు దిగిన మహావృక్షాన్ని ఊహించుకుని వెళ్లాను. ఇక్కడ అలా లేదు. మధ్య మాను ఎప్పుడో పోయింది, చుట్టూ ముక్కలు ముక్కలుగా మిగిలింది. 1769లో కొలిస్తే చుట్టుకొలత 52 అడుగులుందట. ఆ మేరకు నేలలో చిన్న మేకులు పాతారు. మాను చీలికలోంచి శవయాత్రలు నడిచేవట. 2015లో ఈ మగచెట్టుకు ఒక కొమ్మన మూడు ఎర్రటి పళ్లు కాశాయి, అంటే ఆ కొమ్మ ఆడచెట్టయిందన్నమాట. యేసుకు శిలువ శిక్ష వేసిన రోమన్ అధికారి పొంటియస్ పిలాతు ఈ చెట్టు కిందే పుట్టాడన్న కథ మాత్రం నమ్మకండి. చిన్న పిల్లలుంటే ఆకులూ గింజలూ నోట్లో పెట్టుకోకుండా చూసుకోండి, విషం.

చుట్టూ గోడ కట్టినా, గుర్తుకని కొమ్మలు తుంచుకుపోతున్నారు. మేమున్నప్పుడే ఒకమ్మాయి గోడ మీంచి చెయ్యి చాపింది. "తెంపకు బిడ్డా" అంది అత్తమ్మ తెలుగులోనే. ఆ అమ్మాయికి ఏం అర్థమైందో, చెయ్యి వెనక్కి తీసుకుంది. 2018లో పిల్లలమర్రికి చెదలు పట్టి, కొమ్మలకు సెలైన్ బాటిళ్లు కట్టి మందు ఎక్కించారని విని ఏడ్చిన మనిషి మా అత్తమ్మ.

మధ్యాహ్నం అబర్ఫెల్డిలో పప్పు సూప్, బ్రెడ్డు తిన్నాం, గిన్నె 6 పౌండ్ల 50 పెన్నీలు. వేడి వేడిగా చిక్కగా ఉంది. అత్తమ్మ సంచిలోంచి కారప్పొడి డబ్బా తీసి చల్లుకుని, ఈ ప్రయాణంలో మొదటిసారి కడుపునిండా తిన్నానంది.

ఫోర్టింగల్‌లో ఇంకొకటి తప్పక చూడండి. రోడ్డు పక్క పొలంలో చిన్న దిబ్బ, పైన ఒక రాయి. 14వ శతాబ్దపు ప్లేగులో చనిపోయినవాళ్లను, తెల్ల గుర్రం లాగే స్లెడ్జి (చక్రాలు లేని ఈడ్పుబండి) మీద ఒక ముసలామె ఇక్కడికి చేర్చిందని ఆ రాతి మీద ఉంది. బాబు చదివి తెలుగులో చెప్పాడు. అత్తమ్మ మళ్లీ చదివించుకుంది. "ఆమె పేరు రాయలేదా?" అని అడిగింది. లేదన్నాడు. కాసేపు అక్కడే చేతులు జోడించి నిలబడింది.