కంప్యూటర్ రిపేరుకి ఇస్తున్నారా? అడగకుండా విండోస్ మార్చేస్తున్నారు, జాగ్రత్త

విశాఖలో పాత కంప్యూటర్ మీద పని చేసుకునే వాళ్లందరూ, ముఖ్యంగా డీటీపీ, ట్యాలీ, ఫోటో స్టూడియో పనుల మీద బతికేవాళ్లు ఇది ఒకసారి పూర్తిగా చదవండి. రిపేరుకి ఇచ్చిన సిస్టమ్‌లో మనల్ని ఒక్క మాట అడగకుండా విండోస్ 11 ఎక్కించి, పైగా దానికి డబ్బులు కూడా వసూలు చేస్తున్నారు. మాకు జరిగింది. మా వీధిలో బిల్లు పుస్తకాలు చేసే మరొకాయనకీ ఇదే జరిగింది. షాపు పేరు ఇక్కడ రాయడం లేదు. నోటీసు ఇచ్చాం, విషయం వినియోగదారుల కమిషన్ దాకా వెళ్లబోతోంది కాబట్టి.

మాది అల్లిపురంలో చిన్న డీటీపీ సెంటర్. శుభలేఖలు, కరపత్రాలు, గృహప్రవేశం కార్డులు, అన్నీ పేజీలు తయారుచేసే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్‌లో, ‘అను’ అనే తెలుగు ఫాంట్లతోనే. సిస్టమ్‌లో 32 బిట్ విండోస్ 10 ఉండేది (విండోస్‌లో పాత రకం 32 బిట్, కొత్త రకం 64 బిట్). అది పాతదై పడి ఉన్నది కాదు, కావాలని అలా ఉంచుకున్నాం. మా ఫాంట్ల డాంగిల్‌కీ (అది గుచ్చితేనే ఫాంట్లు పనిచేసే, తాళంలాంటి ముక్క), పాత స్కానర్‌కీ మా దగ్గరున్నవి 32 బిట్ డ్రైవర్లే, అంటే వాటిని విండోస్‌తో కలిపే సాఫ్ట్‌వేర్లే. 64 బిట్ విండోస్ ఆ డ్రైవర్లని తీసుకోదు. విండోస్ 11లో 32 బిట్ అన్నదే లేదు. ఇంకో సంగతి, 32 బిట్ నుంచి 64 బిట్‌కి ఉన్నదున్నట్టు మారే దారి లేదు. మొత్తం కొత్తగా ఇన్‌స్టాల్ చేయాల్సిందే. దానికోసం సీ డ్రైవ్ ఫార్మాట్ చేస్తే అందులో ఉన్నదంతా పోయినట్టే. రిపేరు చేసేవాళ్లకి ఇది తెలియదంటే నేను నమ్మను.

మాఘం ముహూర్తాల పని గొంతు దాకా ఉన్న సమయంలో సిస్టమ్ ఆన్ అవడం మానేసింది. ఎస్ఎంపీఎస్ (లోపలికి కరెంటు అందించే పెట్టె) పోయింది, అంతే. డాబాగార్డెన్స్ వైపు ఉన్న సర్వీస్ షాపులో మా తమ్ముడు ఇచ్చి వచ్చాడు. జాబ్ కార్డులో (రిపేరుకి తీసుకున్నప్పుడు షాపువాళ్లు రాసిచ్చే చీటీ) వాళ్ల చేతిరాతతోనే ‘పవర్ రావడం లేదు’ అని ఉంది. ఆ కాగితం నా దగ్గర భద్రంగా ఉంది. తిరిగొచ్చిన బిల్లులో మొదటి వరుస ఎస్ఎంపీఎస్ మార్పు. రెండో వరుస ‘ఓఎస్ అప్‌గ్రేడ్, డ్రైవర్స్: 1,500’. ఓఎస్ అంటే ఆపరేటింగ్ సిస్టమ్, ఇక్కడ విండోసే.

ఇంటికి తెచ్చి ఆన్ చేస్తే పేజ్‌మేకర్ లేదు, ఫాంట్లు లేవు, డెస్క్‌టాప్ మీద పెట్టుకున్న ఆ వారం ప్రూఫులు లేవు. డీ డ్రైవ్ బతికింది కాబట్టి పాత ఫైళ్లు మిగిలాయి. పేజ్‌మేకర్ ఎలాగో మళ్లీ ఎక్కించి, ఆ రోజే ప్రెస్‌కి వెళ్లాల్సిన శుభలేఖ తెరిచాను. వధువు పేరు ఉండాల్సిన చోట ఇంగ్లిషు అక్షరాలూ, కామాలూ, డాలరు గుర్తులూ. ‘చి.ల.సౌ.’ ఉండాల్సిన చోట నాలుగు డబ్బాలు. ఈ ఫాంట్లు యూనికోడ్‌వి (ఏ కంప్యూటర్‌లోనైనా తెలుగుగానే కనపడే పద్ధతివి) కావు. ఫాంట్ సాఫ్ట్‌వేర్ లేకపోతే ఫైల్లో తెలుగన్నదే కనపడదు. డాంగిల్ గుచ్చితే ‘డ్రైవర్ లేదు’ అని వస్తుంది. ఆ పెళ్లివారు ఎదురుగా కూర్చుని ఉన్నారు. ఆడపిల్ల తండ్రి నన్ను ఏమీ అనలేదు గానీ, ‘రేపు బంధువులకి పంచాలమ్మా’ అన్న ఆ ఒక్క మాట చాలు. ఆ ఆర్డరూ, దాని వెనక ఇంకొన్ని ఆర్డర్లూ వేరే చోటికి వెళ్లిపోయాయి.

షాపుకెళ్లి అడిగితే వచ్చిన జవాబు ఇది: ‘మీ మంచికే చేశాం మేడం. విండోస్ 10 అయిపోయింది కదా, ఇంక నెట్టు కూడా రాదు. ఐనా డెస్క్‌టాప్ మీద ఎవరైనా ఫైళ్లు పెట్టుకుంటారా?’

ఈ ‘అయిపోయింది’ అన్న మాటతోనే జనాన్ని భయపెడుతున్నారు, కాబట్టి దీని గురించి కాస్త వివరంగా చెప్తాను. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14న ఆపేసింది, అది నిజమే. ఆ రోజు నుంచి సెక్యూరిటీ అప్‌డేట్లు ఉచితంగా వాటంతట అవి రావు. అంతేగానీ కంప్యూటర్ ఆగిపోదు, నెట్టు పోదు, ఫైళ్లు పోవు. ఇళ్లలో వాడేవాళ్లకి 2026 అక్టోబరు 13 వరకు సెక్యూరిటీ అప్‌డేట్లు ఇచ్చే పథకం కూడా పెట్టారు. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో సెట్టింగ్స్ బ్యాకప్ చేసుకుంటే అందులో పైసా కట్టకుండా చేరొచ్చు. ఈ ముక్క ఏ షాపువాడూ చెప్పడు. చెబితే 1,500 రావు.

అసలు అన్యాయం ఇంకోటి ఉంది. విండోస్ 11కి టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ ఉండాలి, ఇంటెల్ అయితే ఇంచుమించు 8వ తరం నుంచి మొదలయ్యే ప్రాసెసర్ ఉండాలి. మా సిస్టమ్ అంతకంటే చాలా పాతది. ఆ తనిఖీని దొడ్డిదారిన దాటించి ఎక్కించారు. అలాంటి మెషిన్లకి అప్‌డేట్లు వస్తాయని హామీ లేదని మైక్రోసాఫ్టే చెబుతోంది. అంటే అప్‌డేట్లు ఆగిపోతాయని భయపెట్టి, అప్‌డేట్లకి హామీ లేని చోట కూర్చోబెట్టారు. పైగా మా ఒరిజినల్ లైసెన్స్ విండోస్ ‘హోమ్’ రకానిది, వాళ్లు వేసింది ‘ప్రో’ రకం, దానికి మా లైసెన్స్ చెల్లదు. కొన్నాళ్లకి కింద కుడి మూల ‘యాక్టివేట్ విండోస్’ అని వచ్చి కూర్చుంది. మీకూ అనుమానం ఉంటే సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో యాక్టివేషన్ తెరిచి చూసుకోండి. లైసెన్స్ లేని విండోస్‌కి డబ్బులు కట్టి ఉంటే అది ఇంకో ఫిర్యాదు.

అడగకుండా ఓఎస్ మార్చడం మీద ప్రపంచంలో గట్టిగానే గొడవలు జరిగాయి. 2015 జులై 29న విండోస్ 10 వచ్చినప్పుడు విండోస్ 7, 8.1 వాడేవాళ్లకి ఏడాది పాటు ఉచితం అన్నారు. 2016 మొదట్లో దాన్ని సిఫార్సు చేసిన అప్‌డేట్ల జాబితాలో చేర్చేసరికి, ఆటోమేటిక్ పెట్టుకున్న వాళ్లకి అదే దిగడం మొదలైంది. ఆ మే నెలకి ఎంతదాకా వచ్చిందంటే, అప్‌గ్రేడ్ పెట్టె మీద మూలనున్న ఎర్ర ఇంటూ గుర్తు నొక్కి మూసేసినా సరే, ముందే వేసిన షెడ్యూల్ ఆగేది కాదు. వద్దని మూస్తే ఒప్పుకున్నట్టు లెక్క! జనం తిట్టాక దాన్ని మార్చారు.

అదే రోజుల్లో కాలిఫోర్నియాలో ట్రావెల్ ఏజెన్సీ నడిపే ఒకావిడ, తను ఒప్పుకోకుండానే అప్‌గ్రేడ్ మొదలై కంప్యూటర్ పాడైందని, పని పోయిందని కోర్టుకెళ్లారు. 10,000 డాలర్ల తీర్పు తెచ్చుకున్నారు. మైక్రోసాఫ్ట్ తప్పు ఒప్పుకోలేదు. ఖర్చులు పెంచుకోవడం ఇష్టంలేక అప్పీలు వదులుకున్నామంది. జర్మనీలో బాడెన్ వుర్టెంబెర్గ్ వినియోగదారుల సంస్థ, అడగకుండా ఇన్‌స్టాల్ ఫైళ్లని జనం డిస్కుల్లో దింపడం మీద కేసు నడిపితే, ఇకపై అనుమతి లేకుండా అలా చేయబోమని 2017లో మైక్రోసాఫ్ట్ రాసిచ్చింది. ఆ ఫైళ్లు 6 జీబీ దాకా ఉండేవి. ఫోన్ల విషయంలో 2018లో ఇటలీ పోటీ నియంత్రణ సంస్థ ఆపిల్‌కి కోటి యూరోలు, శాంసంగ్‌కి 50 లక్షల యూరోలు జరిమానా వేసింది. పాత ఫోన్లు మోయలేని అప్‌డేట్లు వేయించారని, వెనక్కి వెళ్లే దారి సరిగా ఇవ్వలేదని.

అంతంత కంపెనీలే జవాబు చెప్పుకోవాల్సి వచ్చినప్పుడు, మన ఊళ్లో సర్వీస్ షాపు ‘మీ మంచికే’ అని చేతులు దులుపుకుంటే కుదరదు.

మనకున్న చట్టం చిన్నదేం కాదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం సేవలో లోపం మీద ఫిర్యాదు చేయొచ్చు, అడగని పని చేసి డబ్బు తీసుకోవడం మీదా నిలదీయొచ్చు. మనం ఉంటున్న జిల్లా కమిషన్‌లోనే వేయొచ్చు. కట్టిన మొత్తం 5 లక్షల లోపైతే కోర్టు ఫీజు లేదు. లాయరు ఉండి తీరాలన్న నిబంధనా లేదు. గడువు రెండేళ్లు. ‘మీది వ్యాపారం కదా, మీరు వినియోగదారులు కారు’ అని మమ్మల్ని ఒకాయన బెదిరించాడు. స్వయం ఉపాధితో బతుకుతెరువు కోసమే కొని వాడుకునే వస్తువుని చట్టం వాణిజ్యం కింద లెక్కించదు. ఆ మాటకి భయపడి ఆగిపోకండి. ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించి, ఆ నంబరు రాసిపెట్టుకోండి. ఆన్‌లైన్‌లో కేసు వేయడానికి ఈ-జాగృతి అనే ప్రభుత్వ పోర్టల్ ఉంది. స్క్రీన్ మీద పదేపదే విసిగించి, కాదనే బటన్ దాచిపెట్టి ఒప్పించే పద్ధతుల మీద 2023 నవంబరు 30న కేంద్రం విడిగా మార్గదర్శకాలు కూడా ఇచ్చింది. అందులో 13 రకాల మోసపు డిజైన్లు పేర్కొన్నారు.

రిపేరుకి ఇచ్చేవాళ్లు దయచేసి ఇంత చేయండి. జాబ్ కార్డు మీద ‘ఓఎస్ మార్చకూడదు, ఫార్మాట్ చేయకూడదు, వేరే ఏ పనైనా ఫోన్ చేసి అడిగాకే’ అని వాళ్ల చేతే రాయించి, ఫోటో తీసుకోండి. రాయనంటే సిస్టమ్ వెనక్కి తెచ్చేసుకోండి, షాపులకి కొదవలేదు. సిస్టమ్ ఆన్ అవుతుంటే స్టార్ట్‌లో విన్‌వర్ (winver) అని కొట్టి వచ్చిన పెట్టెని ఫోటో తీయండి, ముందు ఏ విండోస్ ఉండేదో దానికదే రుజువు. పవర్ లాంటి సమస్యకి హార్డ్‌డిస్క్‌తో పనే లేదు, విప్పి ఇంట్లో పెట్టుకుని మిగతాది ఇవ్వొచ్చు.

ఇప్పటికే జరిగిపోయి ఉంటే, ఫార్మాట్ అయిన డ్రైవ్ మీద కొత్తగా ఏదీ సేవ్ చేయకండి, ఇన్‌స్టాల్ చేయకండి. పోయిన ఫైళ్లు దొరికే అవకాశం దానివల్లే తగ్గిపోతుంది. ఉన్న విండోస్ మీదే అప్‌గ్రేడ్ చేసి ఉంటే మాత్రం మామూలుగా 10 రోజుల్లోపు సెట్టింగ్స్‌లో రికవరీకి వెళ్లి ‘గో బ్యాక్’ నొక్కి పాతదానికి రావొచ్చు. ఆ గడువు దాటితే దారి మూసుకుపోతుంది. అందుకే షాపువాడు ‘వచ్చే వారం రండి’ అంటే ఒప్పుకోకండి.

కొత్త ల్యాప్‌టాప్ కొనేవాళ్లకి కూడా ఒక మాట. షాపులో కుర్రాడు ‘సెటప్ చేసిచ్చేస్తాను’ అని తన మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ చేస్తే ఒప్పుకోకండి. ఇప్పటి విండోస్ 11 చాలా ల్యాప్‌టాప్‌లలో డిస్క్‌ని తనంతట తనే ఎన్‌క్రిప్ట్ చేసేస్తుంది, అంటే తాళం లేకుండా ఎవరూ చదవలేకుండా చేస్తుంది. దాని రికవరీ తాళం, లాగిన్ చేసినవాళ్ల అకౌంట్‌లో దాక్కుంటుంది. రేపు మదర్‌బోర్డు మార్చినప్పుడు 48 అంకెల తాళం అడిగితే, ఆ కుర్రాడు ఎక్కడున్నాడో వెతుక్కోవాలి. సెటప్ మీ ఇంట్లో, మీ అకౌంట్‌తో చేసుకోండి.

మా విషయానికొస్తే, షాపువాళ్లు ఆ 1,500 వెనక్కి ఇస్తామంటున్నారు, నోటీసు వెనక్కి తీసుకుంటే. పోయిన ప్రూఫుల గురించి, పోయిన ఆర్డర్ల గురించి మాట్లాడరు. మేం ఒప్పుకోలేదు. జాబ్ కార్డు, బిల్లు, రద్దయిన ఆర్డర్ల వాట్సాప్ మెసేజీలు, పాడైన శుభలేఖ స్క్రీన్ ఫోటో అన్నీ కలిపి ఫిర్యాదు తయారుచేస్తున్నాం.

ఒకే రకం నష్టం జరిగిన వాళ్లు కలిసి కమిషన్ అనుమతితో ఒకే ఫిర్యాదు వేయడానికి చట్టంలో వీలుంది. డాబాగార్డెన్స్, అసీల్‌మెట్ట, ద్వారకానగర్ వైపు సిస్టమ్ ఇచ్చి, మీరు అడగని ‘ఓఎస్ అప్‌గ్రేడ్’ వరుస బిల్లులో కనపడినవాళ్లు ఆ బిల్లు పారేయకండి. జాబ్ కార్డూ బిల్లూ రెండూ ఉన్నవాళ్లు నాకు చెప్పండి, మన షాపు ఒకటేనో కాదో చూసుకుందాం.