మస్కట్‌లో మీ షిప్ శుక్రవారం ఆగుతోందా? టూర్‌కి డబ్బు కట్టే ముందు ఒక్క నిమిషం

దుబాయ్ నుంచి క్రూజ్ ఎక్కి ఒమన్ రాజధాని మస్కట్‌లో ఒక్క పూట దిగబోతున్న వాళ్లెవరైనా ఉంటే ముందు క్యాలెండర్ తీసి అది ఏ వారమో చూడండి. మేం చూడలేదు. ఇద్దరికీ కలిపి 120 డాలర్లు వదిలాయి, పైగా ఒక డబ్బా నాసిరకం లూబాన్ ధూపం మా ఇంటికొచ్చింది.

జనవరిలో వెళ్లాం, నేనూ మా ఆయనా. షిప్ ఉదయం ఎనిమిదికి ఆగుతుంది, సాయంత్రం నాలుగున్నరకల్లా మళ్లీ ఎక్కేయాలి. ఉన్న ఆ కాస్త టైములో వెతుక్కునే తంటా ఎందుకని ఇంట్లో ఉండగానే ఆన్‌లైన్‌లో ఐదు గంటల టూర్ బుక్ చేశాం. గ్రాండ్ మసీదు లోపల, మత్రా సూక్ అనే పాత బజారు, రాజభవనం, ఇంగ్లీషు మాట్లాడే గైడు అని రాసుంది. బుకింగ్‌లో తేదీ అడిగారు, షిప్ పేరు అడిగారు, డబ్బు తీసుకున్నారు, కన్ఫర్మేషన్ పంపారు. ఆ తేదీ శుక్రవారమని వాళ్ల సిస్టమ్‌కి తెలియకుండా ఉంటుందా?

మా ఆయనకి ఆ మసీదులో తివాచీ చూడాలని మహా ఉబలాటం. సుల్తాన్ ఖాబూస్ గ్రాండ్ మసీదు 2001లో తెరిచారు, లోపల పరిచిన తివాచీ ఒక్కటే 21 టన్నులట, 600 మంది ఇరాన్ ఆడవాళ్లు నాలుగేళ్లు కష్టపడి నేశారట, ఇదంతా షిప్‌లో భోజనాల దగ్గర పక్క టేబుల్ వాళ్లకి కూడా అప్పజెప్పేశారు. నేనేమో మణికట్టు దాకా చేతులున్న చుడీదార్ కుట్టించుకుని, జుట్టు కనపడకుండా చున్నీకి నాలుగు పిన్నీసులు పెట్టుకుని, పెళ్లికి బయల్దేరినట్టు దిగాను.

పోర్టు లోపల నడవనివ్వరు, షటిల్ బస్సు గేటు దాకా దింపుతుంది. అక్కడ మా పేరు రాసిన అట్టముక్క పట్టుకుని ఎవరూ లేరు. యాభై నిమిషాలు నిలబడ్డాక నారింజ, తెలుపు రంగుల టాక్సీ ఒకటి వచ్చింది. గైడు లేడు, డ్రైవరొక్కడే. పాపం మంచివాడే, కాస్త హిందీ కూడా వచ్చు. మసీదు అనగానే అద్దంలోంచి నన్నూ నా చున్నీనీ చూసి "ఆజ్ జుమ్మా హై, మేడమ్" అన్నాడు.

అసలు సంగతి ఇది. ముస్లింలు కాని వాళ్లని ఆ మసీదులోకి శనివారం నుంచి గురువారం వరకు, అదీ పొద్దున 8 నుంచి 11 దాకానే రానిస్తారు. శుక్రవారం అస్సలు లేదు. ఒమన్‌లో 2013 నుంచి వారాంతపు సెలవు శుక్ర, శనివారాలు. మత్రా సూక్ కూడా శుక్రవారం పొద్దున మూసే ఉంటుంది, సాయంత్రం గానీ తెరవరు, ఆపాటికి మనం షిప్‌లో ఉంటాం. అంటే మేం డబ్బు కట్టిన మూడింట్లో రెండు ఆ రోజు మూతే. మిగిలిన రాజభవనం ఏ రోజైనా బయటి నుంచి చూసేదే, నీలం, బంగారు రంగు స్తంభాల ముందు నిలబడి ఫోటో తీసుకోవడానికి టూరెందుకు చెప్పండి.

అయినా అరగంట ప్రయాణం చేసి మసీదు దగ్గరికి వెళ్లాం. గేటు బయటి నుంచి గోపురం, మినార్లు చూశాం. మా ఆయన ఊచల మధ్య ఫోన్ పెట్టి ఫోటో తీసి, జూమ్ చేసి, మళ్లీ జేబులో పెట్టేసుకున్నారు, ఏం మాట్లాడలేదు.

ఆ మిగిలిన టైము ఎలా నింపారంటే, సెంట్లూ లూబానూ అమ్మే ఒక షాపుకి తీసుకెళ్లి గంటసేపు కూర్చోబెట్టారు. ఇక్కడ జాగ్రత్త. లూబాన్ అంటే మన సాంబ్రాణి లాగే పొగ వేసుకునే బంక, ఒమన్ దక్షిణాన ధోఫార్ చెట్లది పేరున్న సరుకు. అందులో మేలురకాన్ని హోజరీ అంటారు, లేత ఆకుపచ్చ ఛాయతో, వెలుగులో పెడితే గాజుపూసలా అవతలికి కనిపిస్తుంది, వెలిగిస్తే నిమ్మతొక్క వాసన. మాకు షాపులో పొగ వేసి చూపించింది అదే. డబ్బా 12 అన్నాడు. పన్నెండే కదా అనిపిస్తుంది, కానీ ఒక్క ఒమన్ రియాల్ అంటే రెండు డాలర్ల అరవై సెంట్లు, మన డబ్బులో రెండొందల పైమాటే. మా దగ్గర దుబాయ్ దిర్హాములే ఉన్నాయంటే పర్లేదు 140 ఇవ్వండన్నాడు. రియాల్‌కి తొమ్మిదిన్నర దిర్హాముల చొప్పున 115 అవ్వాలి, లెక్క వేసుకోకుండా ఇచ్చేశాను. ఇంటికొచ్చి తెరిస్తే పైన ఒక వరస మంచి ముక్కలు, కింద అంతా పసుపు నూక, బెరడు చెత్త. డ్రైవర్ షాపు లోపలికి రాలేదు గానీ కౌంటర్ దగ్గర కుర్రాడు మా బిల్లు వెనకాల టాక్సీ నంబరు రాసుకోవడం నా కళ్లారా చూశాను, అప్పుడు ఎందుకో అర్థం కాలేదు.

ఒంటిగంట కూడా కాకుండానే మమ్మల్ని మత్రా కార్నిష్ (సముద్రపు ఒడ్డు రోడ్డు) దగ్గర వదిలేసి టూర్ అయిపోయిందన్నారు. సూక్ షట్టర్లన్నీ దించేసి ఉన్నాయి. ఎదురుగా సముద్రం, వెనక ఒక్క చెట్టూ లేని గోధుమరంగు కొండలు, మధ్యలో మేమిద్దరం. నమాజు అయ్యాక తెరిచిన ఒక టీ కొట్టులో మేం మాట్లాడుకోవడం విని కరక్ చాయ్ పోస్తున్న అబ్బాయి "ఏం అక్కా, తెలుగోళ్లా?" అన్నాడు. కడప దగ్గర ఊరట, అక్కడికొచ్చి ఆరేళ్లు. మా కథ విని "శుక్రవారం గదక్కా, డబ్బులు తీసుకునేప్పుడు వాళ్లకు తెలీదా" అని, డబ్బా చూసి, ఇదే సైజు సూక్‌లో బేరమాడితే మూడు నాలుగు రియాళ్లకి వస్తుందన్నాడు. పోర్టు గేటు నుంచి సూక్‌కి కార్నిష్ మీద నడిచి పోవచ్చని కూడా అప్పుడే తెలిసింది, పావుగంట దారి. మాకు కారే అక్కర్లేదు! టీకి డబ్బులు ఎంత ఇచ్చినా తీసుకోలేదు.

తిరిగొచ్చాక కంపెనీకి రాస్తే రెండు వాక్యాల జవాబు: సందర్శన స్థలాల సమయాలు మా చేతిలో ఉండవు, తేదీ మీరు ఎంచుకున్నదే. షరతుల్లో చూస్తే నిజంగానే ఉంది, చీమతలకాయంత అక్షరాల్లో. ఇప్పుడు కార్డు ఇచ్చిన బ్యాంకులో ఫిర్యాదు పెట్టాం. టూర్ పేజీలో "మసీదు లోపల" అని ఉన్న స్క్రీన్‌షాట్ బుక్ చేసిన రోజే తీసి పెట్టుకోవడం ఒక్కటే మేం చేసిన తెలివైన పని, ఎందుకంటే ఇప్పుడా పేజీలో ఆ మాట లేదు, మార్చేశారు.

శుక్రవారం తప్ప వేరే రోజైనా, షిప్ ఆగేది ఎనిమిది దాటాక అయితే పదకొండులోపు మసీదు లోపలికి వెళ్లగలరా అని రాతపూర్వకంగా అడగండి, ఫోన్లో కాదు. శుక్రవారమే పడితే ఏమీ బుక్ చేయకండి, కార్నిష్ మీద నడవండి, టీ తాగండి.

ఇలాంటి వాటికి బ్యాంకు ద్వారా డబ్బు వెనక్కి తెచ్చుకున్న వాళ్లుంటే ఏమేం కాగితాలు పెట్టారో కాస్త చెప్పండి, మాకు ఇచ్చిన గడువు ఇంకా పన్నెండు రోజులే ఉంది.